చెడుగాలిని కనుగొనుట: డ్రోను చేయు పని, తాడు చేయు పని

మదనపల్లె సీమ గాలికి పూర్వమునుండియు మంచి పేరు కలదు. ఈ సీమ సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైని యుండుటచేతను, పొడిగాలి వీచుచుండుటచేతను, 1915వ సంవత్సరమున క్షయరోగులకొరకు ఇచ్చట ఆరోగ్యవరము చికిత్సాలయము తెరువబడెను. ఆ వ్యాధికి తగిన మందు లేని ఆ దినములలో మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి, ఇవియే రోగికి మందుగా నుండెడివి. అట్టి సీమలోనే ఊరి వెలుపలి పాడుబావి అడుగున ఒక్క నిమిషములో మనుష్యుని కూల్చివేయు గాలి నిలిచియుండవచ్చును. కొండమీది గాలియు బావిలోని గాలియు కంటికి ఒక్కటిగానే యుండును. వాని భేదమును కనిపెట్టు సాధనములను గూర్చి యీ పాఠము వ్రాయబడినది.

ఇప్పుడు దీనిని వ్రాయుటకు కారణము కలదు. 2023వ సంవత్సరము నవంబరులో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనుల నిచ్చు పథకమును అంగీకరించినది. ధరలో నూటికి 80 వంతులు, ఎనిమిది లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగా నిచ్చుట అందలి యేర్పాటు. పురుగుమందు చల్లు డ్రోనును చూచిన సభ్యులు కొందరు నన్నిట్లు అడిగిరి: “అయ్యా, దీనికి వాయువును కనుగొను యంత్రమును గట్టి బావిలోనికి దింపరాదా? మన సంఘము అట్టిదానిని ఒకటి కొనరాదా?” ప్రశ్న మంచిది. దానికి జవాబు చెప్పవలెనన్న, వాయువును కనుగొను యంత్ర మెట్లు పనిచేయునో, డ్రోను ఎచ్చట ఉపకరించునో, ఎచ్చట ఉపకరింపదో వరుసగా తెలిసికొనవలెను.

1. ముక్కు లోపములు, సెన్సరు గుణములు

చెడుగాలిని కనుగొనుటకు మన ముక్కు చాలదు. దానికి మూడు లోపములు కలవు. మొదటిది, బొగ్గుపులుసు వాయువునకును, కార్బను మోనాక్సైడునకును, మీథేనునకును వాసన లేదు. రెండవది, వాసనగల విషమును కూడ ముక్కు ఎల్లప్పుడును చెప్పజాలదు. మురుగు కుళ్లిన చోట పుట్టు హైడ్రోజను సల్ఫైడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గలది. పదిలక్షల పాళ్ల గాలిలో అది ఒక పాలుకంటె తక్కువ యున్నను వాసన తెలియును. నూరు పాళ్లకు చేరినచో కొలది నిమిషములలో ముక్కు మొద్దుబారి వాసనయే తెలియకుండబోవును. వాసన పోయినదని మనిషి ధైర్యపడు వేళయే మిక్కిలి అపాయకరమైన వేళ. మూడవది, గాలిలో ప్రాణవాయువు తగ్గుట ముక్కుకు ఎంతమాత్రము తెలియదు.

ఈ లోపములను తీర్చుటకు సెన్సరులు పుట్టినవి. వానిలో ముఖ్యమైనవి నాలుగు తెగలు. ఒక తెగలో చిన్న రసాయన ఘటము ఉండును. వాయువు దానిని తాకినప్పుడు కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును బట్టి వాయువు ఎన్ని పాళ్లున్నదో తెలియును. ప్రాణవాయువును, కార్బను మోనాక్సైడును, హైడ్రోజను సల్ఫైడును సాధారణముగా దీనితో కొలుతురు. రెండవ తెగ పరారుణ కిరణములతో పనిచేయును. బొగ్గుపులుసు వాయువును, మీథేనును ఆ కిరణములను పీల్చుకొనుటనుబట్టి కనుగొందురు. మూడవ తెగ అతినీలలోహిత కాంతితో పెట్రోలు మొదలగు ద్రవముల ఆవిరిని పట్టును. నాలుగవ తెగలో వేడెక్కిన చిన్న పూస ఉండును. మండెడి వాయువు దానిపై మండి వేడిని హెచ్చించును.

ఇందు గుర్తుంచుకొనవలసిన సంగతులు రెండు. ఒక్కొక్క సెన్సరు తనకు నియమింపబడిన వాయువునే చెప్పును గాని తక్కినవానిని చెప్పదు. మరియు, తక్కెడను పడికట్టు రాళ్లతో సరిచూచునట్లు సెన్సరును పాళ్లు తెలిసిన వాయువుతో అప్పుడప్పుడు సరిచూడవలెను. రసాయన ఘటములు సాధారణముగా రెండు మూడేండ్లలో అరిగిపోవును. సరిచూడని సెన్సరు తప్పు తక్కెడవంటిది. దానివలన కలుగు నష్టము మాత్రము ధాన్యముతో పోవునది కాదు.

2. డ్రోనుకు తగిన పని

మనిషి పోరాని చోటికి పోయి గాలిని చూచి వచ్చుట డ్రోనుకు తగిన పని. పపువా న్యూగినీ దేశమున మానము అను అగ్నిపర్వతము కలదు. దాని పొగలో బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువు ఎంత యున్నవో తెలిసికొనుటకు 2019లో శాస్త్రజ్ఞులు డ్రోనులకు సెన్సరులు గట్టి శిఖరముపైకి పంపిరి. డెన్మార్కు సముద్రభాగములో పోవు ఓడలు హెచ్చు గంధకముగల నూనెను కాల్చుచున్నవా అని వాని పొగగొట్టముల పొగను డ్రోనులతో పరీక్షించుటయు అదే సంవత్సరమున జరిగెను. ఈ రెండును బయలు ప్రదేశములు; పొగ పైకి లేచి విస్తరించు చోటులు.

మన రాష్ట్రములోనే ఇట్టి సాధనము ఎంత అవసరమో చూపిన దినము 2020వ సంవత్సరము మే 7వ తేదీ. ఆ తెల్లవారుజామున విశాఖపట్టణమునందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురము మొదలగు చోట్ల వ్యాపించెను. పండ్రెండుగురు మరణించిరి, అనేకులు ఆసుపత్రుల పాలైరి. స్టైరీను ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లకు మించి బరువైనది. కనుక అది పైకి పోక నేలనంటి, పల్లము వెంట ప్రాకును. ఆవిరి ఏ వీధివరకు వచ్చినదో చూచుటకు ఆ వీధికే పోవు మనుష్యుడు తానును పడిపోవును. అట్టి సమయమున దూరమునుండి డ్రోనును పంపి ఆవిరి హద్దును గుర్తించినచో, జనులను ఏ దిక్కుగా తీసికొనిపోవలెనో తెలియును. గాలి వీచు దిక్కునకు అడ్డముగా నడచి, మెరకకు చేరవలెనను సూత్రము మాత్రము డ్రోను లేకున్నను అందరు నేర్వదగినది.

మన ప్రాంతమునందును డ్రోనుకు పనులు కలవు. చెత్తదిబ్బ లోలోపల కాలుచున్నప్పుడు పొగ ఏ ఊరివైపు పోవుచున్నదో చూడవచ్చును. చలికాలపు వేకువలో నేల దగ్గరి గాలి చల్లబడి, దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. అప్పుడు కాల్చిన చెత్త పొగ పైకి పోక ఇండ్లపైననే పరచుకొనును. డ్రోనును నిలువుగా పైకి పంపిన ఆ పొగ ఎన్ని అడుగుల యెత్తువరకు నిలిచినదో తెలియును. తెలిసినచో వేకువను చెత్త కాల్చుట మాని, కాల్చుటయే మాని, దానిని ఎరువుగా మార్చుకొందుము.

3. డ్రోనుకు తగని పని

డ్రోను రెక్కలు గాలిని క్రిందికి త్రోయుటవలననే అది ఎగురును. కావున తాను కొలువవలసిన గాలిని తానే కలచివేయును. ఇందుకై సెన్సరునకు గాలి నందించు గొట్టమును రెక్కలకు దూరముగ నమర్పవలెను, లేదా సెన్సరును పొడవైన త్రాటికి వ్రేలాడదీయవలెను. సెన్సరు గాలిని తెలిసికొనుటకు కొంత సమయము పట్టును గనుక డ్రోను ప్రతి చోటను అరనిమిషమో నిమిషమో నిలువవలెను. చిన్న డ్రోను ఒక బ్యాటరీతో సుమారు ఇరువది ముప్పది నిమిషములే యెగురును. మందు చల్లు డ్రోనుకు సెన్సరును గట్టుట మరింత పొరపాటు. దాని రెక్కల గాలి మిక్కిలి బలమైనది; దానినంటిన పురుగుమందు ఆవిరి సెన్సరును చెరపును.

డ్రోనును యెగురవేయుటకు చట్టమును కలదు. 2021వ సంవత్సరపు డ్రోను నిబంధనల ప్రకారము 250 గ్రాములకు లోపలివి అతి చిన్నవి. రెండు కిలోగ్రాములవరకు మైక్రో తరగతివి. అంతకు మించినవాని నడుపుటకు శిక్షణ పొందిన పత్రము కావలెను. పచ్చమండలమని గుర్తింపబడిన ప్రదేశమున సాధారణముగా నాలుగువందల అడుగుల యెత్తువరకే వేరు అనుమతి లేక యెగురవేయవచ్చును.

ఇక బావి సంగతి. బావిలోనికి దిగిన డ్రోను రెక్కల గాలి ఒరలకు కొట్టుకొని తిరిగి దానిమీదికే వచ్చును. యంత్రము తూలి గోడకు తగులును. ఆకాశమునుండి దారి చూపు ఉపగ్రహ సంకేతము లోతున సరిగా అందదు. అడుగున పొరగా నిలిచిన చెడుగాలి పై గాలితో కలసిపోయి, ఉన్నదానికంటె తక్కువగా కనబడును. మీథేను నిలిచిన చోట మోటారు నిప్పురవ్వ పేలుడునకు కారణము కావచ్చును. ఇన్ని చిక్కులుగల పనిని ఒక తాడు సులభముగా చేయును. సెన్సరు పెట్టెను తాటికి గట్టి దింపుటయే ఆ పని.

4. మన బావులు, మన గుంటలు

మన తాతల కాలమున కపిల తోలిన బావులు లోతు బోరులు వచ్చిన పిమ్మట ఎండిపోయినవి. వానిలో అనేకము ముండ్లకంపలతోను, చెత్తతోను నిండియున్నవి. ధర పడిపోయి పారబోసిన టమోటాలు, పేడ, చచ్చిన జంతువులు కూడ కొన్నిట పడుచున్నవి. కుళ్లు పదార్థము ప్రాణవాయువును తినివేసి బొగ్గుపులుసు వాయువును విడుచును. ఈ వాయువు గాలికి ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక అడుగుననే నిలుచును. మురుగునుండి హైడ్రోజను సల్ఫైడును మీథేనును పుట్టును. బావిలో దింపి నడిపిన ఆయిలు ఇంజనువలన కార్బను మోనాక్సైడు చేరును.

బావి యొక్కటియే కాదు. పాడిపశువులున్న చోట గోబరు గ్యాసు గుంటలు, మరుగుదొడ్డి తొట్లు, పశువుల మేతకై మొక్కజొన్నను పాతరవేయు గుంటలు కలవు. పాతరవేసిన మొదటి మూడు వారములలో మేతనుండి ఎరుపు గోధుమవన్నెగల విషవాయువు వెలువడవచ్చును. అది ఊపిరితిత్తులను కాల్చును. ఒక్కొక్కప్పుడు పీల్చిన కొన్ని గంటలకు గాని బాధ తెలియదు.

ఇవి పుస్తకములలోని మాటలు మాత్రమే కావు. పుంగనూరునకును కుప్పమునకును నడుమనున్న పలమనేరు మండలములో, మొరం గ్రామమున, 2018వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఒక కోళ్ల పరిశ్రమ మురుగుతొట్టిని శుభ్రపరచబోయి ఏడుగురు మరణించిరి. ముందు దిగినవారు పడిపోగా వారిని రక్షింపబోయినవారును పడిపోయిరి. 2024 ఏప్రిల్ 9వ తేదీన మహారాష్ట్రమునందలి వాకడి గ్రామమున, పేడనీరు నింపిన పాతబావిలో పడిన పిల్లిని తీయబోయి అయిదుగురు పోయిరి. 2025 ఏప్రిల్ 3వ తేదీన మధ్యప్రదేశమునందలి ఖండ్వా జిల్లాలో పండుగకై బావి పూడిక తీయబోయి ఎనమండుగురు పోయిరి.

ఈ మూడిటియందును ఒకే వరుస కనబడుచున్నది. ఒకరు పడిరి, తక్కినవారు ప్రేమచేతను ధైర్యముచేతను దిగిరి. అన్నకొరకు తమ్ముడు, తోటి కూలికొరకు తోటి కూలి దిగుట మన పల్లెల గుణము. ఆ సద్గుణమే చెడుగాలి యెదుట చావునకు దారి యగుచున్నది. కావున ఈ విషయమును ముందుగానే, బావి యొడ్డున గాక సంఘపు గదిలో, నిదానముగా ఆలోచింపవలెను.

5. లాంతరు పరీక్ష ఏల చాలదు?

కొన్నియేండ్ల క్రిందట పుంగనూరు దాపున ఒక పల్లెకు నేను పోయినప్పుడు, పాతబావిలో పడిన మోటారును తీయుటకు ఒక కుటుంబమువారు సిద్ధమగుచుండిరి. ఇంటి పెద్ద లాంతరును తాటికి గట్టి దింపెను. దీపము ఆరలేదు. “దీపము బ్రదికియున్నది గదా, మనిషి బ్రదుకడా?” అని ఆయన యనెను. కుమారుడు నడుమునకు మోకు గట్టుకొనెను. నావద్ద నున్న సెన్సరు పెట్టెను అదే తాటికి గట్టి దింపుదమని బతిమాలితిని. నడిమికి దిగువరకు అది మౌనముగా నుండెను. అడుగు సమీపించునప్పటికి పైకి వినబడునట్లు మ్రోగసాగెను. పైకి తీసి చూడగా ప్రాణవాయువు చాలినంత యున్నది. హైడ్రోజను సల్ఫైడు మాత్రము అపాయపు హద్దును దాటియున్నది. ఆ పెద్దాయన చాలసేపు మాటలాడలేదు. కుమారుడు మోకు విప్పెను. మరునాడు కొక్కెము దింపి మోటారును పైనుండియే లాగిరి. బావిలోనికి ఎవరును దిగలేదు.

దీపమునకు కావలసినది ప్రాణవాయువు. మనిషికి అది యుండుటతోపాటు విషము లేకుండుటయు కావలెను. మంచి గాలిలో ప్రాణవాయువు నూటికి 20.9 పాళ్లుండును. 19.5 పాళ్లకు తగ్గినచో దిగరాదని నియమము. దీపమో, 16, 17 పాళ్లవరకు వెలుగుచునే యుండును. విషవాయువులనుగూర్చి అది ఏమియు చెప్పదు. గాలిలో మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు ఉన్నచో ఆ దీపమే బావిని పేల్చును. పెద్దలు ఇంతకంటె మంచి సాధనము లేని దినములలో లాంతరును వాడిరి. నేడు మంచి సాధనమున్నది గనుక లాంతరును మానవలెను.

6. తాటితో పరీక్షించు క్రమము

సామాన్యముగా దొరకు పెట్టెలో నాలుగు సెన్సరులుండును: ప్రాణవాయువు, మండెడి వాయువు, కార్బను మోనాక్సైడు, హైడ్రోజను సల్ఫైడు. ఇందొక లోపము కలదు. బొగ్గుపులుసు వాయువు బయటినుండి చేరి గాలిలో నూటికి 5 పాళ్లైనను ప్రాణవాయువు 19.8 దగ్గరనే నిలుచును గాన నాలుగు సెన్సరుల పెట్టె మ్రోగదు. మనిషికి మాత్రము ఆయాసము, తలతిరుగుడు కలుగును. కావున బావులకు బొగ్గుపులుసు వాయువును కొలుచు అయిదవ సెన్సరుగల పెట్టెనే కొనవలెను. పనిచేయు క్రమము ఇది:

ఒకటి: పెట్టెను మంచి గాలిలో తెరచి ప్రాణవాయువు 20.9 చూపుచున్నదో లేదో చూడవలెను.

రెండు: తాటికి మూడడుగులకొక ముడి వేసి, పెట్టెను మెల్లగా దింపవలెను. నీటిలో ముంచరాదు. గొట్టముతో గాలిని పైకి పీల్చు పెట్టెయైన మరియు మంచిది.

మూడు: పైన, నడుమ, అడుగున మూడు చోట్లను రెండేసి నిమిషములు నిలిపి, అంకెలను వ్రాసికొనవలెను. వాయువులు పొరలుగా నుండును గనుక పైన మంచిదైన మాత్రమున అడుగు మంచిదని తలపరాదు.

నాలుగు: ఏ యొక్క సెన్సరు మ్రోగినను దిగరాదు. వేపకొమ్మలు దింపి ఆడించుట, నీరు చల్లుట మాత్రమే చాలవు. గాలి తోలు యంత్రపు గొట్టమును అడుగువరకు దింపి గాలి నింపి, మరల పరీక్షింపవలెను.

అయిదు: అంకెలు మంచివైనను దిగువాడు నడుముపట్టీకి తాడు గట్టుకొని, పెట్టెను వెంట నుంచుకొని దిగవలెను. బురదను కదిలించినప్పుడు క్రొత్త వాయువు లేచును.

ఆరు: తాడు పట్టుకొనువా రిద్దరు పైన నుండవలెను. లోపలివాడు పడిపోయినచో పైనుండియే లాగవలెను. ఎవరును దిగరాదు. 101, 108, 112 నంబరులకు వెంటనే తెలుపవలెను.

మరుగుదొడ్డి తొట్లకు, మురుగు కాలువలకు ఈ క్రమమునుబట్టియైనను మనిషిని దింపవలదు. రక్షణ సాధనములు లేక వానిలో మనిషిని దింపుట 2013వ సంవత్సరపు చట్టముచేత నేరము. దానికి యంత్రపు బండి కలదు.

7. సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఇట్టి పెట్టెను కొనుట కష్టము. ఏడాదికి ఒకటి రెండు మారులే దానితో పని. వాడకున్నను దాని ఘటములు అరుగును. ఇట్టివాటికొరకే సహకార సంఘము పుట్టినది. డ్రోను ధరతో పోల్చినచో ఈ పెట్టె, తాళ్లు, నడుముపట్టీ, గాలి తోలు యంత్రము, అన్నియు కలసి స్వల్పవ్యయమే. సంఘము వీనిని కొని, ఇద్దరు యువకులకు శిక్షణ నిప్పించి, అద్దె లేకుండ సభ్యులకును, సభ్యులు కానివారికిని ఇయ్యవలెను. అద్దె యున్నచో దానిని తప్పించుకొనుటకు మనిషి లాంతరునే దింపును. ప్రతి పరీక్షను ఒక పుస్తకమున వ్రాయవలెను: తేదీ, బావి, మూడు పొరల అంకెలు. ఘటములు మార్చుటకును, సరిచూచుటకును ప్రతి సంవత్సరము కొంత సొమ్ము వేరుగ నుంచవలెను. ఈ యేర్పాటు లేనిచో రెండేండ్లకు పెట్టె అలమారులో అలంకారముగా మిగులును.

డ్రోనును అనేక సంఘములు కూడి గాని, జిల్లా యధికారులు గాని పెట్టుకొనవచ్చును. అగ్నిప్రమాదము, కర్మాగారపు వాయువు, పొగ, ఇట్టి విశాలమైన పనులకు అది వచ్చును. మన ఊరి బావికి మాత్రము ముందు తాడు, పెట్టె కావలెను. రాబోవు మహాజన సభలో ఈ విషయమును తీర్మానముగా పెట్టవలెనని సభ్యులకు నా మనవి. వేసవి రాకముందే, బావుల పూడికతీత పనులు మొదలుకాకముందే, ఇది జరుగవలెను.

చర్చకు ప్రశ్నలు

(1) మీ ఊరిలో వాడుకలో లేని బావులు, గుంటలు ఎన్ని? వాని చుట్టు గోడ గాని కంచె గాని కలదా?

(2) వాసన తెలియకపోయినచో గాలి మంచిదని ఏల చెప్పరాదు?

(3) దీపము వెలుగుచున్న బావిలో మనిషి ఏల మరణింపవచ్చును?

(4) డ్రోనును బావిలోనికి దింపుటకంటె పెట్టెను తాటితో దింపుట ఏల మేలు?

(5) మీ తమ్ముడు బావిలో పడిపోయినచో మీరు మొదట చేయవలసిన పని యేది? ఈ ప్రశ్నకు జవాబును ఇంటిలో పిల్లలచేతను, స్త్రీలచేతను కూడ చెప్పించవలెను.